వేసవి మధ్యాహ్నానికి కొర్రల కోసంబరి: ఎందుకు, ఎలా?

 

బడి ఉన్నన్ని రోజులు మధ్యాహ్న భోజనం గురించి ఇంట్లో పెద్దగా ఆలోచించే పని ఉండదు. పిల్లలు ఇక్కడే వేడిగా తింటారు. సెలవులు ఇవ్వగానే ఆ పూట ఖాళీ అవుతుంది. మన హోసూరు, సూళగిరి, బాగలూరు ప్రాంతాల్లో చాలా ఇళ్లల్లో అమ్మానాన్నలిద్దరూ తెల్లవారగానే ఫ్యాక్టరీకో, పూలతోటకో, కూరగాయల తోటకో వెళ్లిపోతారు. ఇంట్లో అవ్వ ఉంటే సరే. లేకపోతే మధ్యాహ్నం ఒంటిగంటకు పిల్లవాడి చేతికి దొరికేది అంగట్లో వేలాడే చిప్స్ ప్యాకెట్టు, కాకుంటే రెండు నిమిషాల నూడుల్సు. ఎండాకాలంలో ఆకలి కూడా మందగిస్తుంది కాబట్టి దానితోనే సరిపెట్టుకుంటారు. నెలన్నర రోజులు ఇలా గడిస్తే జూన్‌లో పిల్లలు నీరసంగా బడికి వస్తారు.

అందుకే ఈసారి ఒక వంటకం గురించి రాస్తున్నాను. ముడిధాన్యం, పండు, పచ్చి ఆకులు కలిపి చేసే చల్లని వంటకం ఇది. ఈమధ్య టీవీల్లో దీన్ని సలాడ్ అంటున్నారు. మనకు ఇది మరీ కొత్తదేమీ కాదు. శ్రీరామనవమికి నానబెట్టిన పెసరపప్పులో మామిడికాయ, కొబ్బరి, కొత్తిమీర కలిపి వడపప్పు చేస్తాం. కన్నడం వాళ్లు కోసంబరి అంటారు, మన ఊళ్లల్లోనూ ఆ మాటే వాడుక. అందులో పప్పు చోట కొర్రలు వేసుకుంటే అది ఒక పూట భోజనం అవుతుంది.

ముడిధాన్యం అంటే ఏమిటి?

ఏ గింజకైనా పైన ఊక ఉంటుంది. అది మనం తినలేం. ఊక తీసేశాక కనిపించేది పలుచని తవుడు పొర, ఒక మూల మొలకెత్తే భాగం, మధ్యలో పిండి. పీచు, ఇనుము, బి విటమిన్లు ఎక్కువగా ఉండేది ఆ తవుడులోనూ, మొలక భాగంలోనూ. బాగా పాలిష్ పడితే ఇవి పోయి పిండి మాత్రం మిగులుతుంది. కొర్రలైనా సామలైనా పాలిష్ పట్టినవి కొంటే తెల్లబియ్యం తిన్నదానికీ దానికీ పెద్ద తేడా ఉండదు.

కొనేటప్పుడు రంగు చూడండి. పాలిష్ పట్టని కొర్రలు కాస్త ముదురు పసుపుగా, గరుకుగా ఉంటాయి. పాలిష్ పట్టినవి పాలిపోయి, నున్నగా మెరుస్తాయి. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ముడిధాన్యం ఎండాకాలంలో తొందరగా ముక్కవాసన పడుతుంది. కొద్దికొద్దిగా తెచ్చుకుని, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసుకోండి.

అంగట్లో అడిగేటప్పుడు పేరు దగ్గర తికమక వస్తుంది. మన కొర్రలను తమిళంలో తినై, కన్నడంలో నవణె అంటారు. సామలు తమిళంలో సామై, కన్నడంలో సామె. అరికెలు తమిళంలో వరగు, కన్నడంలో హారక. ఊదలు తమిళంలో కుదిరైవాలి, కన్నడంలో ఊదలే. పిల్లలేమో అన్నిటినీ కలిపి ‘మిల్లెట్స్’ అనేస్తున్నారు. అలా అంటే ఏ గింజ ఏదో తెలియకుండా పోతుంది.

కావలసినవి (నలుగురికి)

కొర్రలు ఒక గ్లాసు. గట్టిగా ఉన్న తోతాపురి మామిడి ఒకటి, లేదా సగం పుల్ల మామిడికాయ. దానిమ్మ గింజలు అర గ్లాసు. లేత కీరదోసకాయ ఒకటి. వేయించి పొట్టు తీసిన వేరుశనగపప్పు ఒక గుప్పెడు. పచ్చికొబ్బరి తురుము రెండు చెంచాలు. పుదీన ఒక గుప్పెడు, కొత్తిమీర ఒక గుప్పెడు. నిమ్మకాయ ఒకటి. పచ్చిమిరపకాయ ఒకటి లేదా కాస్త మిరియాల పొడి. ఉప్పు, ఒక చెంచా నూనె.

మన కృష్ణగిరి జిల్లా మామిడికి పేరున్న జిల్లా. అందులోనూ తోతాపురి ఈ వంటకానికి బాగా కుదురుతుంది. సగం మాగినప్పుడు కూడా ముక్క గట్టిగా నిలుస్తుంది, పులుపూ తీపీ రెండూ ఉంటాయి. దానిమ్మ ఖరీదు అనిపిస్తే మానేయండి, జామకాయ ముక్కలు వేసుకోండి. పుచ్చకాయ, కర్బూజ మాత్రం ఇందులో కలపకండి. నీరు వదిలి గింజంతా ముద్దవుతుంది. వాటిని విడిగా తినాలి.

చేసే విధానం, గడియారం ప్రకారం

ఉదయం ఎనిమిదికి కొర్రలు కడిగి నానబెట్టండి. నానితే నీరు గింజ లోపలి దాకా వెళ్లి అంతా ఒకేలా ఉడుకుతుంది. ధాన్యంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వని ఫైటిక్ ఆమ్లం కూడా కొంత తగ్గుతుంది. ఎండాకాలంలో రాత్రంతా నానబెడితే పులిసిపోవచ్చు. మూడు గంటలు చాలు.

పదకొండుకు ఐదారు గ్లాసుల నీళ్లు మరగబెట్టి, నానిన కొర్రలు వేసి, ఎనిమిది పది నిమిషాలు ఉడికించండి. గింజ నలిపి చూస్తే మెత్తగా ఉండాలి, పగలకూడదు. అన్నం వార్చినట్టే వార్చేయండి. ఆ గంజిని పారబోయకండి. నీళ్లల్లో కరిగే విటమిన్లు కొన్ని అందులోకి దిగుతాయి. ఉప్పు, మజ్జిగ కలిపి తాగితే ఎండకు మంచిది.

వార్చిన కొర్రలను వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరచి, నూనె చుక్క కలిపి ఆరనివ్వండి. కుప్పగా వదిలేస్తే లోపల వేడి నిలిచి ముద్ద కడుతుంది, తొందరగా పాడవుతుంది కూడా.

పన్నెండుంబావుకు మామిడి, కీరదోస ముక్కలు, దానిమ్మ, కొబ్బరి, పచ్చిమిరప కలపండి. ఉప్పు, నిమ్మరసం, ఆకులు మాత్రం తినబోయే ముందే వెయ్యాలి. ఎందుకు? పిల్లలూ, మీరు సైన్సులో ద్రవాభిసరణ చదివారు గదా. ముక్కల మీద ఉప్పు పడితే కణాల్లోని నీరు బయటికి వస్తుంది. ముందే వేస్తే గిన్నె అడుగున నీళ్లు చేరతాయి. పుదీన ఆకుల వాసన గాలిలో ఆవిరైపోయే నూనెల వల్ల వస్తుంది, కాబట్టి చివర్లో చేత్తో తుంచి వేస్తేనే ఆ వాసన దక్కుతుంది. నిమ్మరసంలో ఎక్కువసేపు ఉంటే ఆకు పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆఖరున వేరుశనగపప్పు చల్లండి, కరకరలాడుతూ ఉంటుంది. వేరుశనగ పడని పిల్లలుంటే అది మానేయండి.

ఒంటిగంట లోపు తినేయాలి. వండిన పదార్థాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో ఈ మాట తప్పకుండా పాటించాలి. ఉదయం ఏడింటికి వండిపెట్టి వెళితే మధ్యాహ్నానికి అది పిల్లలకు పెట్టదగ్గది కాదు.

పెద్దవాళ్లు ఇంట్లో లేకపోతే?

అప్పుడు పొయ్యి అవసరం లేని పద్ధతి ఉంది. కొర్రల బదులు ఎర్ర అటుకులు వాడండి. వీటిలో తవుడు పొర కొంత మిగిలే ఉంటుంది. రెండుసార్లు కడిగి, మందంగా ఉంటే పది పదిహేను నిమిషాలు నాననిచ్చి నీళ్లు పిండేస్తే చాలు. ఇవి మళ్లీ ఉడికించం కాబట్టి కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. అమ్మ వెళ్లేముందు అటుకులు కొలిచి, వేరుశనగ వేయించి, కడిగిన పండ్లు, ఆకులు పెట్టి వెళితే, పదేళ్లు దాటిన పిల్లలు చేతులు కడుక్కుని తామే కలుపుకుంటారు. కత్తి పని లేకుండా దానిమ్మ వలుచుకోవచ్చు, ఆకులు తుంచుకోవచ్చు, కోసిపెట్టుకోకుండా అప్పటికప్పుడు అరటిపండు చిదిమి వేసుకోవచ్చు. చిన్నపిల్లలను మాత్రం పొయ్యి దగ్గరికీ కత్తి దగ్గరికీ ఒంటరిగా పంపకండి.

నిమ్మకాయ రుచికి మాత్రమే కాదు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. ధాన్యం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదు. అదే పూట విటమిన్ సి అందితే మరింత పడుతుంది. నిమ్మ, జామ, మామిడిలో అది ఉంటుంది. వేడికి నశించే విటమిన్ కాబట్టి నిమ్మరసం పచ్చిగా వేసుకోవడమే మేలు. టీ, కాఫీ ఇనుమును అడ్డుకుంటాయి. భోజనానికి ముందూ తరువాతా ఒక గంట పాటు వాటిని మానండి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది ఆహారమే గానీ మందు కాదు. బిడ్డ ముఖం పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడుతుంటే డాక్టరుకు చూపించండి. చక్కెర జబ్బు ఉన్న తాతలు, అవ్వలు కూడా తినవచ్చు గానీ కొర్రల్లో ఉన్నది ఎక్కువగా పిండిపదార్థమే. కొలతగా తినాలి, మాగిన మామిడి తగ్గించి కీరదోస పెంచుకోవాలి.

పిల్లలకు సెలవుల పని

ఒకటి. వంటకు తెచ్చిన పుదీన కాడల్లో ముదురువి నాలుగు తీసి, కింది ఆకులు తుంచి, కుండీలో నాటండి. నేరుగా ఎండ తగలని చోట పెట్టి రోజూ నీళ్లు పొయ్యండి. బడి తెరిచేనాటికి మీ ఇంటి ఆకు మీకుంటుంది. కొత్తిమీర ఈ ఎండకు తొందరగా పూతకు వస్తుంది, దాన్ని వానలు పడ్డాక విత్తుదాం.

రెండు. మీ అవ్వనో తాతనో అడిగి, వాళ్ల చిన్నప్పుడు చేలో ఏయే ధాన్యాలు పండేవి, వాటితో ఏమేం వండేవారు, ఏ పేరుతో పిలిచేవారు అని తెలుగులో అరపేజీ రాసుకురండి. వాళ్లు ఏ మాట చెబితే ఆ మాటే రాయండి, పుస్తకం మాటలోకి మార్చవద్దు. బడి తెరిచిన మొదటి వారంలో తెలుగు అయ్యవారికి ఇవ్వండి. అన్నిటినీ గోడపత్రికలో పెడతాం.

సెలవుల్లో పిల్లలు వేళకు తినేలా, నీళ్లు బాగా తాగేలా చూడవలసిందిగా తల్లిదండ్రులను కోరుతున్నాను.

– ప్రధానోపాధ్యాయుడు