కంప్యూటర్ ఫైళ్లూ అమానతే



మీరిచ్చే సొమ్ము మా వద్ద అమానత్. దాని లెక్క కూడా అమానతే. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల రసీదులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, వైద్య సాయం కాగితాలు ఇప్పుడు కంప్యూటర్‌లో దాస్తున్నాం. 2022 జులైలో లంక గ్రామాలను గోదావరి వరద ముంచెత్తడం చూసినవారికి కాగితం ఎంత భద్రమో తెలుసు.

అయితే కంప్యూటర్‌లోనూ ఒక పొరపాటు చేశాం. ఒక ఏడాది స్కాలర్‌షిప్ జాబితా ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘కొత్త ఫైనల్’ అని మూడు పేర్లతో ఉంది. చెల్లింపుల రోజున పాతది తెరిచాం. తర్వాత చేర్చిన ఒక అమ్మాయి పేరు అందులో లేదు. ఆమె తండ్రి వచ్చి అడిగేదాకా మాకు తెలియలేదు. ఫీజు ఆలస్యంగా కట్టాం. తప్పు మాదే.

అప్పటి నుంచి ప్రతి ఫైలు పేరులో తేదీ, పద్దు, ఊరు, వరుస సంఖ్య రాస్తున్నాం. ఉదాహరణకు: 2025-03-12_జకాత్_రసీదులు_రాజోలు_01. తేదీలో రోజును ముందు రాస్తే అన్ని నెలల 12వ తేదీలూ ఒకచోట చేరతాయి. ఏడాదిని ముందు రాస్తే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలుస్తాయి. జకాత్ సొమ్మును సాధారణ విరాళాలతో కలపకూడదు గనుక పద్దు పేరు తప్పనిసరి. సాయం పొందినవారి పేరు మాత్రం రాయం, దరఖాస్తు సంఖ్య చాలు. ఒకరి అవసరం పదిమంది కంట పడకూడదు.

ఇక ఫైలు రకం. మార్చవలసిన లెక్కలు ఎక్సెల్‌లో ఉంచుతాం. కమిటీ ఆమోదించిన ప్రతిని పీడీఎఫ్ చేస్తాం. ఏళ్ల తరబడి దాచవలసిన వాటికి పీడీఎఫ్-ఏ అనే రకం మంచిది. 2005 నుంచి అది అంతర్జాతీయ ప్రమాణం. ఫాంటు కూడా ఫైలులోనే ఉంటుంది కాబట్టి ఎక్కడ తెరిచినా అక్షరాలు చెదరవు. తెలుగును యూనికోడ్‌లోనే టైపు చేస్తున్నాం. పాత డీటీపీ ఫాంట్లలో చేసిన ఫైలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది.

మీకో విన్నపం. రసీదును వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యత తగ్గి చిన్న అంకెలు మసకబారవచ్చు. డాక్యుమెంట్‌గా పంపండి. విరాళంతోపాటు పద్దు, ఊరు తెలపండి. కువైట్ నుంచి అడిగినా, కొత్తపేట నుంచి అడిగినా మీ లెక్క వెంటనే చూపగలగాలన్నదే మా ప్రయత్నం, ఇన్షా అల్లాహ్.