అమ్మ పనికి లెక్క యాడుంది?

మా అమ్మ మదనపల్లెలో మూడిండ్లలో పని చేస్తుంది. కసువు చిమ్మేది, బోకులు తోమేది, గుడ్డలుతికేది. మొన్న ఒక ఇంటామె మాటల్లో అనిందంట: "మా పాప అమెరికాలో బిడ్డను చూసుకునేదానికి మనిషిని పెట్టుకుంటే, ఆ మనిషి కోసం గవర్నమెంటుకు టాక్సు కట్టాలంట. మనకా తలనొప్పి లేదులే." అమ్మ ఇంటికొచ్చి అడిగింది: "అబ్బోడా, నా పేరు మీద ఎవురన్నా ఏమన్నా కడతా ఉండారా?"

నేను పుంగనూరులో నెట్ సెంటర్లో పనిజేస్తా. రోజూ ఊరందరి దరఖాస్తులు నింపేవాణ్ణి. అమ్మకు మాత్రం వెంటనే బదులు చెప్పలేకపోయినా.

బదులు చిన్నదే. ఎవురూ ఏమీ కట్టడంలేదు, కట్టమని చట్టమూ చెప్పడంలేదు. పీఎఫ్ మామూలుగా 20 మంది పనిజేసే సంస్థకు, ఈఎస్ఐ 10 మంది ఉన్నచోటికి తగులుకుంటాయి. ఒకామెను పనికి పెట్టుకున్న ఇల్లు సంస్థ కిందికి రాదు. ఇన్‌కం టాక్సు అంటారా, మూడిండ్ల జీతం కలిపినా ఆ గీత కాడికి చేరదు. జీతంలో పట్టుకోని కట్టాల్సిన పని ఇంటోళ్లకు లేదు.

అమెరికాలో అట్లా కాదు. 2025 లెక్కన, ఒక ఇంట్లో ఏడాదికి 2,800 డాలర్లు, ఆపైన జీతం తీసుకుంటే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద ఇంటోళ్లు 7.65 శాతం వేయాల, పనిజేసే మనిషి వాటా ఇంకో 7.65 శాతం. 1993లో క్లింటన్ అటార్నీ జనరల్ పదవికి ఎంచుకున్న జోయీ బేర్డ్, కాగితాలు లేనోళ్లను ఇంటిపనికి పెట్టుకోని ఈ పన్ను కట్టలేదని బయటపడి తప్పుకోవాల్సి వచ్చింది. పేరుకే పన్ను. నిజానికి పనిజేసే మనిషికి ముసలితనంలో వచ్చే పింఛను ఆ జమలోంచే లెక్క కడతారు. ఇంటామె తలనొప్పి అనింది దాన్నే.

మాపక్క ఆడోళ్లు ఇంటిపనికి పోయే కువైట్‌లో కూడా 2015 చట్టం ఉంది. వారానికో రోజు సెలవు, పని మానేటప్పుడు చేసిన ఏడాదికి ఒక నెల జీతం. అమలు ఎట్లుంటుందో పోయొచ్చినోళ్లనే అడగండి, కథలు కథలుగా చెప్తారు. కాగితం మీదన్నా రాసుంది.

మనకు అసలేమీ లేదని కాదు. ఇంటిపనిని కనీస వేతనాల కిందికి కర్ణాటక 2004లో, ఆంధ్ర 2007లో తెచ్చినాయి. 14 ఏండ్లలోపు పిల్లోళ్లను ఇంటిపనికి పెట్టుకోకూడదని 2006 నుంచే ఉంది. 2021లో ఈ-శ్రమ్ వచ్చింది. మా సెంటర్లో ఆ కార్డు తీసుకున్నోళ్లు లామినేషన్ చేయించి ట్రంకుపెట్టెలో దాచుకుంటారు, పింఛనొస్తుందని. అది ఉత్త నమోదే.

పింఛనుది వేరే ఉంది, ప్రధానమంత్రి శ్రమ యోగి మాన్‌ధన్. 2019లో మొదలైంది. 18 నుంచి 40 ఏండ్లలోపు వయసు, నెలకు 15,000 లోపు సంపాదన ఉండాల. చేరే వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే కేంద్రం అంతే వేస్తుంది. 60 దాటినాక నెలకు 3,000. పదేండ్లలోపు మానేస్తే కట్టింది బ్యాంకు వడ్డీతో తిరిగొస్తుంది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తీసుకోని కామన్ సర్వీస్ సెంటర్‌కు పోతే చాలు. అప్పటికి మూడు వేలకు ఏమొస్తుందో అని నాకూ అనుమానమే. అయినా సున్నా కంటే మేలు కదా.

2019లో అమ్మకు 39. నెలకు 190 రూపాయలు. మూడిండ్లోళ్లు పంచుకోనుంటే ఇంటికి 63 రూపాయల చిల్లర. నేనప్పుడు ఇంటర్, ఎవురూ చెప్పలేదు, నేనూ వెతకలేదు. ఇప్పుడామెకు వయసు దాటిపోయింది.

మా చిన్నమ్మకు 34. కుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి రెండు ఫ్లాట్లలో పనిజేస్తుంది. ఆమెకు 140 పడుతుంది. "చెరో 70 జీతంతో పాటు వేయమని అడుగు. చట్టం లేదు, కాబట్టి దబాయించొద్దు, అడుగు" అని చెప్పినా. ఒకామె సరే అనిందంట. ఇంకొకామె పైనెల చూద్దామనింది. మొన్న ఆదివారం చిన్నమ్మను నమోదు చేయించినాం. ఈ నెల ఆ రెండో 70 నేను వేసినా.