కారు అందుకోకుంటే పంపు విప్పే ముందు రిలే చూడండి!

ఆలమూరు: సెల్ఫ్ కొడితే ఇంజను గిరగిరా తిరుగుతుంది. బ్యాటరీలో బలముంది. ట్యాంకులో పెట్రోలుంది. అయినా కారు అందుకోదు. తాడు కట్టి షెడ్డుకు లాక్కువెళితే ‘పంపు పోయింది, మార్చాలి’ అంటారు. వేలల్లో ఖర్చు. తీరా కొత్త పంపు బిగించాక కూడా బండి మొరాయిస్తే, నిమ్మకాయంత కూడా లేని రిలే ఇంత పని చేసిందని అప్పుడు తెలుస్తుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

జాతీయ రహదారిని ఆనుకుని జొన్నాడ, మడికి వంటి ఊళ్లున్న ఈ ప్రాంతంలో అద్దె కార్ల మీద బతికే కుటుంబాలు తక్కువేమీ కావు. బండి ఒక రోజు షెడ్డులో పడితే ఆ రోజు బాడుగ పోయినట్టే. అర్ధరాత్రి పురిటి మనిషిని రాజమండ్రికో, కాకినాడకో తీసుకువెళ్లవలసి వచ్చినప్పుడు కారు కదలకపోతే నష్టం డబ్బుతో పోదు.

రిలే అంటే ఏమిటి?

చేలో మోటారు స్టార్టరు తెలిసిన రైతుకు రిలే కొత్త వస్తువు కాదు. ఆకుపచ్చ మీట నొక్కగానే స్టార్టరులోని కాయిల్ అయస్కాంతమై పాయింట్లను లాగి పట్టుకుంటుంది. మోటారుకు పోయే పెద్ద కరెంటు ఆ పాయింట్ల గుండా పోతుంది గాని మీట గుండా కాదు. కారులో రిలే చేసే పనీ అంతే. లొల్ల లాకుల దగ్గర ఒక మనిషి చక్రం తిప్పితే కాలవంత నీరు కదిలినట్టు, చిన్న కరెంటు పెద్ద కరెంటును కదిలిస్తుంది.

లెక్క చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. రిలే కాయిల్ నిరోధం 80 ఓములుంటే, 12 వోల్టుల బ్యాటరీ నుంచి అది తీసుకునేది 0.15 ఆంపియర్లు మాత్రమే. దాని పాయింట్లు మాత్రం 30 ఆంపియర్ల దాకా మోయగలవు.

అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అటువంటి పాత బళ్లలో, తొలినాళ్ల మారుతీ 800లలో ఇన్ని రిలేలు లేవు. కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ పద్ధతి వచ్చాక పెట్రోలు పంపు ట్యాంకులోకి చేరి కరెంటుతో నడవసాగింది. ఆ పంపును నడపమని కంప్యూటరు ఆజ్ఞ ఇస్తుంది. ఆజ్ఞను అమలు జరిపేది రిలే.

చెవి, వేలు ముందు, మీటరు తర్వాత

తాళం తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా చెవి ఒగ్గి వినాలి. చాలా కార్లలో వెనుక సీటు కింద నుంచి రెండు సెకన్లపాటు ‘జుయ్‌’మని పంపు చప్పుడు వస్తుంది. రాకపోతే ముందు ఫ్యూజు చూడాలి. ఫ్యూజు బాగుంటే రిలే మీద వేలు పెట్టి ఇంకొకరిచేత తాళం తిప్పించాలి. ‘టిక్‌’మని తగిలితే కాయిల్ పని చేస్తున్నట్టు, అప్పుడు పాయింట్లను, వాటికి వచ్చే కరెంటును, పంపుకు పోయే తీగను అనుమానించాలి. టిక్కు లేకపోతే కాయిల్‌నో, దానికి అందే కరెంటునో, ఎర్తునో చూడాలి. ఈ ఒక్క చప్పుడుతో సగం వెతుకులాట తప్పుతుంది.

తర్వాత, అదే పెట్టెలో అదే నంబరున్న మరో రిలే, హారన్‌ది ఉంటే అది, తీసి మార్చి చూడాలి. పంపు తిరిగితే తప్పు పాత రిలేదే. కొత్తది వందల్లో దొరుకుతుంది. తిరగకపోతే రిలే ఊడదీసి, అది కూర్చునే సాకెట్టును మీటరుతో పరీక్షించాలి.

రిలే కాళ్ల మీద అంకెలుంటాయి. 30వ నంబరు బ్యాటరీ నుంచి వచ్చేది. 87 పంపుకు పోయేది. 85, 86 కాయిల్ రెండు కొసలు. పెట్టె మూత మీది బొమ్మతో పోల్చుకుని వరుసగా చూడాలి. 30లో బ్యాటరీ వోల్టేజి ఉండాలి. తాళం తిప్పితే కాయిల్ ఒక కొసకు కరెంటు రావాలి. రెండో కొసకు చాలా బళ్లలో కంప్యూటరు ఆ రెండు సెకన్లే ఎర్తు ఇస్తుంది. ఎర్తు రాకపోతే కంప్యూటరు మీద నింద వేసే ముందు, దాని ఎర్తు తీగలు, తాళం తాలూకు దొంగతన నిరోధక దీపం చూడాలి. స్కానరు పెట్టినప్పుడు ‘పి0230’ అని వస్తే, పంపు రిలే సర్క్యూటులో తేడా ఉందని అర్థం. పంపే పోయిందని కాదు.

కంప్యూటరు తీగల మీద బల్బు టెస్టరు పెట్టరాదు. అది లాగే కరెంటుకు కంప్యూటరే పాడు కావచ్చు. ఎయిర్‌బ్యాగు తాలూకు పసుపు తీగలను అసలు ముట్టుకోరాదు.

చిలుము, ఎలుక, ఎండ

గోదావరి గాలి చెమ్మకు రాగి కాళ్ల మీద చిలుము పడుతుంది. 1986 ఆగస్టులోను, 2022 జులైలోను వచ్చినంతటి వరదల్లో నీట నానిన బండికి, ఆరబెట్టిన నెలల తర్వాత కూడా సాకెట్టులో చిలుము బయటపడవచ్చు. మీటరు 12 వోల్టులు చూపినా, పంపు తిరిగే వేళ ఆ చిలుము కరెంటును తినేస్తుంది. 5 ఆంపియర్లు పారే చోట ఒక్క వోల్టు పడిపోతే 5 వాట్ల వేడి అక్కడే పుట్టి సాకెట్టు కరుగుతుంది. అందుకే పంపు నడుస్తుండగా 30కి, 87కి మధ్య వోల్టేజి చూడాలి. అది అర వోల్టు కూడా ఉండరాదు. కొబ్బరితోటలో నిలిపిన బండి తీగలను ఎలుక కొరికిందేమో కూడా చూడాలి.

పొద్దున అందుకుని మధ్యాహ్నం మొరాయించే బండిది మరో తీరు. 1980, 90 దశకాల హోండా కార్లలో ప్రధాన రిలే లోపలి టంకం అతుకులు బీటలు వారి, ఎండకు కాగినప్పుడు విడిపోయేవి. చల్లబడితే మళ్లీ కలిసేవి. ఆ తేడా ప్రపంచమంతటా మెకానిక్కులకు పాఠమైంది. ఇలాంటి బండిని మొరాయించిన వేళే పరీక్షించాలి.

‘డైరెక్టు’ వద్దు

రిలే పోయిందని 30ని, 87ని తీగతో కలిపి ‘డైరెక్టు’ ఇవ్వడం కొన్ని చోట్ల అలవాటు. ఫ్యూజు గల తీగతో పరీక్ష కోసం క్షణం కలిపి, పంపు తిరుగుతుందో లేదో చూడవచ్చు. అలాగే వదిలితే మాత్రం ముప్పు. ప్రమాదంలో ఇంజను ఆగితే కంప్యూటరు రిలేను వదిలి పంపును ఆపుతుంది. ‘డైరెక్టు’ బండిలో ఆపే దిక్కుండదు. పైపు తెగితే పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టడం, 15 ఆంపియర్ల చోట 30ది గుచ్చడం కూడా అంతటి పనే. పెట్రోలు వాసన వస్తుంటే ఏ పరీక్షా చేయరాదు.

పంపు మార్చాలన్నప్పుడు ‘రిలే టిక్కుమంటోందా? 87లో కరెంటు వస్తోందా?’ అని అడగడం బండి యజమాని హక్కు. పంపు కొసల వద్ద నిండు వోల్టేజి, మంచి ఎర్తు ఉండి కూడా అది తిరగకపోతే, అప్పుడు పంపు కోసం డబ్బు తీయవచ్చు. బాడుగకు తిరిగే బండిలో అదే నంబరు రిలే ఒకటి, రెండు ఫ్యూజులు డాష్‌బోర్డు అరలో ఉంచుకుంటే అర్ధరాత్రి దారిలో అవే ఆదుకుంటాయి.