గడపకు ఆవల బడి

పాలకుర్తి గుట్టమీద సోమేశ్వర లక్ష్మీనృసింహస్వాముల దర్శనము చేసికొని, మెట్లు దిగి, ఊరి బస్టాండునకు వచ్చిన వానికి, ఎండలు ముదిరిన దినములలో ఒక దృశ్యము కనబడును: ఒక చేత ప్లాస్టిక్ సంచిలో భద్రపరచిన పత్రములు, మరియొక చేత నిద్రమత్తు వదలని బిడ్డ, బస్సు వచ్చు దిక్కునే చూచుచు నిలుచున్న తల్లిదండ్రులు. ఎక్కడికని అడిగినచో ఊరి పేరు గాని బడి పేరు గాని చెప్పరు. "సీటు కోసం పోతున్నం" అందురు. ఆ చిన్న మాటలో చేసిన అప్పు, రావలసిన పంట, తమకు దక్కని చదువు, అన్నియు ఇమిడి యున్నవి.

పేరుపడిన ప్రైవేటు బడులలో ప్రవేశము నేడు ఒకటవ తరగతికి ఎంతో ముందే, నర్సరీ గడపలోనే నిర్ణయమగుచున్నది. అప్లికేషనుకు రుసుము, పిల్లతో ముచ్చట యను పేర జరుగు పరీక్ష, అటుపిమ్మట తల్లిదండ్రులతో ఇంటర్వ్యూ: ఏమి చదివినారు, ఏమి చేయుచున్నారు, ఇంట ఏ భాష మాటలాడుదురు? ఆ ప్రశ్నలను వరుసగా పేర్చి చూచినచో, తూకమునకు ఎక్కినది ఇల్లని తెలియును. మందలోని మేకపిల్లలను వేటికవిగా గుర్తుపట్టి పిలువగల మూడేండ్ల పిల్ల, బల్లమీది బొమ్మను చూపి ఇంగ్లీషులో దాని పేరడుగగానే తల్లి కొంగు చాటునకు పోవును. ఆ మౌనమునకు ఆ గదిలో ఉన్న అర్థమొక్కటే. 13వ శతాబ్దమున, పండితుల మెప్పుకంటె సామాన్యుల నాలుకకు అందుటయే ముఖ్యమని తలచి బసవపురాణమును ద్విపదలో, జాను తెనుగున చెప్పిన పాల్కురికి సోమనాథునిది ఈ ఊరే యన్న సంగతి, ఆ గది వెలుపల పిల్ల కన్నీరు తుడుచుచున్న తల్లిని చూచినపుడెల్ల నాకు జ్ఞప్తికి వచ్చి మనస్సు కలతపడుచుండును.

చట్టము లేక కాదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము, 13వ సెక్షనులో, ప్రవేశమునకు బిడ్డను గాని తల్లిదండ్రులను గాని వడపోయుటను స్పష్టముగా నిషేధించినది; మీరినచో మొదటిసారి 25,000 రూపాయల వరకును, ఆపై ప్రతిసారియు 50,000 వరకును జరిమానా; డొనేషను పుచ్చుకొనినచో దానికి పదింతల వరకు. వడపోత యనగా నేమో నిర్వచించుచు, చీటీలు తీయుట వంటి యాదృచ్ఛిక పద్ధతి తప్ప, ఒక బిడ్డను కాదని మరియొక బిడ్డను ఎంచుకొను ప్రతి పద్ధతియు వడపోతయే యన్నది. ఇంతకంటె ధర్మబద్ధమైన వాక్యము మన విద్యాశాసనములలో అరుదు. అయినను ఆ చట్టము 6 మొదలు 14 ఏండ్ల పిల్లలకు సంబంధించినది కావున, నర్సరీ ప్రవేశములకు ఈ నిషేధము వర్తింపదని 2013లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చినది. పోటీ యంతయు మూడవ ఏట ముగియుచుండగా కాపుదల ఆరవ ఏట మొదలగుచున్నది. ఆ మూడేండ్ల సందులోనే పల్లెబిడ్డ జారిపోవుచున్నది.

ఎవరి బిడ్డ యని అడిగి చేర్చుకొనుట మన ప్రాంతమునకు క్రొత్త గాదు. 1923లో హైదరాబాదున నెలకొల్పబడిన జాగీర్దారు కళాశాలలో చేరుటకు కావలసిన యోగ్యత జాగీర్దారుని కడుపున పుట్టుటయే. పుట్టుకకే పెద్దపీట వేసిన అదే నిజాము ఏలుబడిలో, 1940వ దశకమున, ఈ పాలకుర్తిలో చాకలి ఐలమ్మ, తాను కౌలుకు దున్ని పండించిన పంట విసునూరు దేశ్‌ముఖు పాలు గాకుండ రైతుల పక్షమున నిలిచిన సంఘపువారి అండతో పోరి ఇంటికి చేర్చుకొనెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1951లో ఆ కళాశాలయే హైదరాబాదు పబ్లిక్ స్కూలుగా మారి, పుట్టుకను అడుగుట మానెను. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయము ఐలమ్మ పేరు దాల్చినది. అయినను నేడు ఈ చుట్టుపట్ల తండాల గిరిజన బాలునికి బేగంపేటలోని ఆ పబ్లిక్ స్కూలు ఒకటవ తరగతిలో చోటు దొరకవలెనన్నచో, మార్గమొకటి కలదు, అది లాటరీ.

షెడ్యూల్డు కులముల పిల్లల కొరకు బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకమందును పద్ధతి ఇదియే. పల్లెలలో ఏటి ఆదాయము 1,50,000 రూపాయలకు లోబడిన ఇంటి బిడ్డలకు, ఒకటవ తరగతిలోను, వసతితో ఐదవ తరగతిలోను, ఎంపికచేసిన ప్రైవేటు బడులలో ప్రభుత్వమే ఫీజు కట్టి చదివించును. ఎవరికన్నది జిల్లా కేంద్రమున, తల్లిదండ్రుల యెదుట, చీటీలు తీసి తేల్చుదురు. పిల్లను ఏమియు అడుగరు, తండ్రి చదువు అడుగరు, భాష అడుగరు. నేనెరిగిన ప్రవేశపద్ధతులన్నింటిలో బిడ్డ గౌరవమునకు భంగము రానిది ఇదియొక్కటే యని నిస్సంకోచముగా చెప్పుదును. గడప దాటిన తరువాతి కథ వేరు: 2025లో ప్రభుత్వము చెల్లింపవలసిన బకాయిలు పేరుకొనగా, ఈ పథకపు పిల్లలను కొన్ని బడులు లోనికి రానీయక ఆపివైచినవి. చీటీ ఇచ్చిన చోటును బాకీ లాగికొనుట ఎంత ఘోరమో, యూనిఫారము తొడిగికొని గేటు బయట నిలుచున్న పిల్లవానికి తప్ప మరెవరికి తెలియును?

చీటీలు తీయు దినమున జిల్లా కేంద్రమైన జనగామలోని కలెక్టరేటులో పేర్లు చదువుచుండగా, తన బిడ్డ పేరు ఇంకను రాదేమా యని చెవి యొగ్గి కూర్చున్న తల్లి, చివరి చీటీ విప్పునంతవరకును లేవదు. ఆపై పత్రములను ఒక్కొక్కటిగా మరల సంచిలో సర్దుకొని, పాలకుర్తి బస్సు ఎక్కును. పుట్టిన తేదీ పత్రము, కులపత్రము, ఆధార్ కార్డు: ఐదవ తరగతి చీటీలకు, నాలుగేండ్ల తరువాత, ఇవి పనికివచ్చును, ఆదాయపత్రము మాత్రము క్రొత్తది తేవలెను.