బోటు బ్యాటరీ డౌన్ అయిందా? కొత్తది కొనేముందు ఇవి చెక్ చేసుకోండి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఇన్నాళ్లు ఒడ్డునే ఉంటే బోటు బ్యాటరీ డౌన్ కావడం మామూలే. కానీ నడిసంద్రంలో అది చచ్చిపోతే ఇంజిన్ స్టార్ట్ కాదు, వైర్‌లెస్ సెట్ పలకదు. అందుకే వేటకు ముందే ఈ టెస్ట్ చేయండి.

12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీని ఫుల్ ఛార్జ్ చేసి, వైర్లు విప్పి రాత్రంతా వదిలేయండి. పొద్దున మీటర్‌లో 12.6 ఉంటే బ్యాటరీ ఓకే. తుప్పు పట్టిన టెర్మినళ్లు, ఆల్టర్నేటర్ చూపించండి. ఇంజిన్ నడుస్తుంటే దాదాపు 14 వోల్టులు రావాలి.

12.4 కంటే పడిపోయినా, ఒక్క సెల్‌లోనే యాసిడ్ గ్రావిటీ బాగా తగ్గినా మార్చాల్సిందే. జంట బ్యాటరీలైతే రెండూ ఒకేసారి మార్చండి. విప్పేటప్పుడు ముందు నెగటివ్ వైరు తీయాలి. దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు.