రాతిని తినే ఉప్పు

ఇనుమును తుప్పు తింటుందని మీకు తెలుసు. రాతిని ఉప్పు తింటుందంటే నమ్ముతారా? సముద్రానికి ఎంతో దూరాన ఉన్న మన బాన్సువాడలోనూ ఈ పని జరుగుతూనే ఉంటుంది. పాత ఇంటి గోడను కిందివైపు చూడండి. తెల్లని పొర, దాని వెనుక పొడిపొడిగా రాలే ఇటుక కనిపిస్తాయి. "గోడకు ఉప్పు పట్టింది" అని పెద్దలు అనేది దీన్నే. ఉప్పునీటి ఈతకొలనుల చుట్టూ పరచిన బండలకూ ఇదే జబ్బు!

ఉప్పునీటి కొలను

ఈ కొలనుల్లో లీటరు నీటికి సుమారు 3 నుంచి 4 గ్రాముల ఉప్పు కలుపుతారు. ఇది సముద్రపు నీటిలోని ఉప్పులో దాదాపు పదో వంతు. ఈ నీటిని విద్యుత్ పలకల మధ్యగా పంపుతారు. మీరు తరగతిలో చదివిన విద్యుద్విశ్లేషణే ఇది. ఒక పలక వద్ద క్లోరిన్, మరోదాని వద్ద హైడ్రోజన్ పుడతాయి. సోడియం హైడ్రాక్సైడ్ కూడా తయారవుతుంది. క్లోరిన్ దానితో కలిసి సోడియం హైపోక్లోరైట్‌గా మారి, సూక్ష్మజీవులను చంపుతుంది. పని ముగిశాక అది చాలావరకు మళ్లీ ఉప్పే అవుతుంది. కనుక కొలనులో ఉప్పు తరగదు. గట్టు మీదికి చిందుతూనే ఉంటుంది.

బండలో ఏం జరుగుతుంది?

రాయి ఎంత గట్టిదైనా దానిలో సన్నని రంధ్రాలుంటాయి. వత్తి నూనెను పీల్చినట్లు అవి నీటిని పీలుస్తాయి. ఎండకు నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. రోజురోజుకూ అది పేరుకొని స్ఫటికాలు కడుతుంది. పెరిగే స్ఫటికానికి చోటు చాలక రంధ్రపు గోడలను నెడుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు కరుగుతుంది. తగ్గితే మళ్లీ గడ్డకడుతుంది. అందుకే ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే రాయికన్నా, తడిసి ఆరే రాయికే ముప్పు ఎక్కువ.

రంధ్రాలు తక్కువైన గ్రానైటు దీన్ని బాగా తట్టుకుంటుంది. మన ఇళ్లలో పరిచే తాండూరు, షాబాద్ బండలు పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాళ్లు. పొరల మధ్య ఉప్పు చేరితే పెచ్చులు లేస్తాయి. తెల్లమరకలు పోవాలని ఆమ్లంతో కడిగితే రాతిలోని కాల్షియం కార్బొనేటే కరిగిపోతుంది!

అమరావతి శిల్పాల కథ

కృష్ణా తీరాన ఉన్న అమరావతి స్తూపపు శిల్పాలు సుమారు 2000 ఏళ్ల నాటి సున్నపురాతివి. వాల్టర్ ఇలియట్ 1845లో అక్కడ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. 19వ శతాబ్దం చివర అక్కడి మ్యూజియంలో పలు శిల్పాలను గోడలో సిమెంటుతో బిగించారు. భద్రంగా ఉంచాలన్నదే వారి ఉద్దేశం. కాని గోడలోని తేమ లవణాలను రాతిలోకి చేర్చింది, పెచ్చులు రాలాయి. బండ పాడైతే కొత్తది తెచ్చుకోవచ్చు. శిల్పి చెక్కిన ముఖం రాలిపోతే ఎక్కడ తెస్తాం?

నివారణ

కొలను గట్టును ఆరకముందే మంచినీటితో కడగాలి. నీరు నిలవకుండా వాలు ఉంచాలి. ఉప్పు పట్టిన గోడకు సిమెంటు పూస్తే తేమ బయటికి పోలేక ఇంకా పైకి పాకుతుంది. సున్నపు పూత గోడను ఆరనిస్తుంది. విలువైన శిల్పాలకు తడి కాగితపు గుజ్జు పట్టిస్తారు. అది ఆరుతూ లోపలి ఉప్పును తనలోకి లాక్కుంటుంది.

చేసి చూడండి

రెండు ఇటుక ముక్కలు తీసుకోండి. ఒకదాన్ని ఉప్పునీరు పోసిన పళ్లెంలో, మరొకదాన్ని మంచినీటి పళ్లెంలో నిలబెట్టి ఎండలో ఉంచండి. నీరు తగ్గినప్పుడల్లా అదే నీరు పోయండి. వారం తరువాత తెల్లపొర ఏ ఇటుక మీద, ఎంత ఎత్తున వచ్చిందో కొలిచి రాసుకోండి. నీటిలో మునిగిన భాగాన అది ఎందుకు లేదో ఆలోచించండి.