పుస్తకం ఊరెళ్లి వచ్చింది

పర్ణశాల వెళ్లినవాళ్లకు సీతవాగు దగ్గర రాళ్ల మీది చారలు చూపిస్తారు. సీతమ్మ నారచీరలు ఆరేసుకుంటే పడిన గుర్తులని చెబుతారు. భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో ఉన్న ఊరది. భద్రాచలం పట్టణాన్ని ఆనుకునే ఎటపాక ఉంది. రావణుడితో పోరాడి జటాయువు నేలకూలింది అక్కడేనని నమ్మకం. రాయినీ, వాగునీ, ఊరి పేరునీ కథగా మలుచుకోవడం ఈ అడవి అంచు పిల్లలకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. అలాంటి పిల్లల చేతికి బడి గ్రంథాలయం నుంచి ఓ బొమ్మల పుస్తకం ఇచ్చి, ‘వచ్చే సోమవారం తిరిగి తేవాలి’ అంటే ఏమవుతుంది?

ఏడెనిమిదేళ్ల పిల్లకు గడువు తేదీ పెద్దగా పట్టదు. పుస్తకానికీ ఒక ఇల్లుందంటే మాత్రం ఇట్టే పట్టేస్తుంది. ఇల్లున్నదానికి అమ్మ ఉంటుంది, అక్కచెల్లెళ్లు ఉంటారు, బీరువాలో తన చోటు ఖాళీగా ఉంటుంది. చర్ల వైపు ఊళ్లో ఒక పిల్ల పులి కథ పుస్తకం ఇంటికి తీసుకెళ్లిందనుకుందాం. ఆ పులికి రాత్రి ఆకలేయదా? నాన్న సంతకు వెళితే తానూ వస్తానని మారాం చేయదా? సోమవారం తిరిగి వెళ్లాక పక్కనున్న లెక్కల పుస్తకంతో ఏం గొప్పలు చెప్పుకుంటుంది? వాళ్లింట్లో మేకపిల్ల నన్ను నాకింది, చూరు కింద వాన చూశాను, అవ్వకు నన్ను చదివి వినిపించారు అని చెబుతుందా? ఇంకో పిల్లవాడి ఊహలో ఆ పుస్తకానికి వెళ్లడమే ఇష్టం ఉండదు. అందుకే బియ్యం డబ్బా వెనక దాక్కుంటుంది, దొరకదు. టీచరు అడిగితే వాడు చెప్పే కారణం కూడా అదే. పెద్దలు దాన్ని అబద్ధం అంటారు. అబద్ధంలో దాచుకోవడం ఉంటుంది, ఆటలో పంచుకోవడం ఉంటుంది. ఇక్కడ వాడు పంచుకుంటున్నాడు.

వస్తువులకు ప్రాణం పోసే ఈ అలవాటును స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జాఁ పియాజే 1920లలోనే పరిశీలించాడు. చిన్నపిల్లలు మొదట్లో పనికొచ్చే ప్రతి వస్తువుకూ, ఆ తరవాత కదిలే వాటికీ, మరికొంత ఎదిగాక తమంతట తాము కదిలే వాటికీ ప్రాణం ఉందనుకుంటారని ఆయన చెప్పాడు. తరవాతి పరిశోధకులు దీన్ని కొంత సవరించారు. పియాజే అనుకున్నదానికంటే చాలా ముందే పిల్లలకు ప్రాణమున్నదేదో లేనిదేదో తెలుస్తుందని వాళ్ల పరిశీలన. పుస్తకానికి ఆకలేయదని మన చర్ల పిల్లకూ తెలుసు. తెలిసీ దానికి ముద్ద పెడుతుంది. ఊహకున్న అందమంతా ఆ తెలిసి ఆడే ఆటలోనే ఉంది.

ఊహ శూన్యంలోంచి పుట్టదని రష్యన్ పండితుడు లెవ్ వైగాట్‌స్కీ 1930లో రాశాడు. చూసినవీ, విన్నవీ, అనుభవించినవీ విడదీసి కొత్తగా కలపడమే పిల్లల కల్పన అని ఆయన వాదం. ఎంత అనుభవం ఉంటే అంత ముడిసరుకు. ఆ లెక్కన భద్రాచలం మన్యం పిల్లలకు కొరత లేదు. గోదావరి ఉంది. కూనవరం దగ్గర వచ్చి కలిసే శబరి ఉంది. విప్పపూలు ఏరే తెల్లవారుజాములు, తునికాకు కట్టలు, అడ్డాకు విస్తళ్లు, వారపు సంతలు, భూమి పండుగ నాటి ఆటపాటలు ఉన్నాయి. కొరతంతా రెండో సరుకుకే. అది పుస్తకం.

అప్పు తీర్చడం మీద ఈ ప్రాంతానికి పేరుమోసిన కథే ఉంది. పాల్వంచ పరగణా తహశీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. రామలక్ష్మణులే మారువేషాల్లో అక్కడి ప్రభువు తానీషా దగ్గరకు వెళ్లి, ఆరు లక్షల మొహరీలు చెల్లించి, రసీదు రాయించుకుని మరీ వచ్చారని జనం చెప్పుకుంటారు. తెచ్చినదాన్ని తిరిగి ఇచ్చే పనికి దేవుడే పూనుకున్న కథ వింటూ పెరిగే పిల్లలకు గ్రంథాలయం రిజిస్టర్లో ‘తిరిగి ముట్టినది’ అని రాయించుకోవడం చప్పటి పని కానక్కర్లేదు. ఆ కథను ఈ పనికి ముడిపెట్టి చెప్పే పెద్దలు కావాలి, అంతే.

బడుల్లో జరిగేది చాలాసార్లు వేరు. పుస్తకం పోతే లెక్క చెప్పాల్సింది ఉపాధ్యాయుడు. చిరిగితే స్టాక్ రిజిస్టర్లో సమాధానం రాయాల్సిందీ ఆయనే. అందుకని పుస్తకాలు బీరువాలో భద్రంగా ఉంటాయి, తాళంచెవి ఇంకా భద్రంగా ఉంటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలంది. 2018లో మొదలైన సమగ్ర శిక్ష పథకంలో ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000 రూపాయల దాకా పుస్తకాల నిధి పెట్టారు. కొనడానికి దారి ఉంది, ఇవ్వడానికే భయం. తప్పు ఉపాధ్యాయుడిది అనడం అన్యాయం. పోయిన పుస్తకాన్ని నేరంగా చూసే లెక్కల పద్ధతిదే తప్పు. ఒక్క పుస్తకమూ పోని బడి గ్రంథాలయం ఉందంటే, అక్కడ ఒక్క పుస్తకమూ గడప దాటలేదేమో అని ముందుగా అనుమానించాలి.

అడవి అంచున పుస్తకం ఆలస్యమవడానికి వేరే కారణాలూ ఉన్నాయి. వారం, రెండు వారాల గడువు పట్నం క్యాలెండరుకు సరిపోతుంది. ఇక్కడి క్యాలెండరు వేరు. జనవరి దాటితే మిరప కోతలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో విప్పపువ్వు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. కుటుంబం పనికి కదిలితే పిల్లలూ కదులుతారు, వాళ్లతో సంచిలోని పుస్తకమూ కదులుతుంది. జులై, ఆగస్టుల్లో గోదావరి వంతు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 53కు మూడోది. 2022 జులైలో నది 71.3 అడుగులకు చేరింది. 1986లోనైతే 75.6 అడుగులు. ఇల్లు వదిలి శిబిరానికి పరుగెత్తే తల్లి బియ్యం, కాగితాలు, పిల్లలను పట్టుకుంటుంది. కథల పుస్తకాన్ని గోదారి తీసుకుపోతే అందులో పిల్లల తప్పేముంది? ఆ పుస్తకం ధవళేశ్వరం దాకా ఈదుకుంటూ వెళ్లి చేపలకు కథ చెబుతోందని ఓ పిల్లవాడు అంటే, రిజిస్టర్లో ఆ మాటే రాసుకోవడం మంచిది. జరిమానా రాయడం కంటే అదే నిజానికి దగ్గర.

జరిమానాల సంగతి ప్రపంచం కూడా ఆలస్యంగానే తెలుసుకుంది. అమెరికాలో షికాగో ప్రజా గ్రంథాలయం 2019 అక్టోబరులో ఆలస్య రుసుములు ఎత్తేసింది. మొదటి కొన్ని వారాల్లోనే తిరిగొచ్చే పుస్తకాలు 240 శాతం పెరిగాయి. డబ్బు కట్టలేక మొహం చాటేసిన పాఠకులు పుస్తకాలతో వెనక్కి వచ్చారు. 2021లో న్యూయార్క్ ప్రజా గ్రంథాలయమూ అదే బాట పట్టింది. ఆ నగరంలోనే ఇంకో పాత కథ ఉంది. జార్జ్ వాషింగ్టన్ 1789 అక్టోబరు 5న న్యూయార్క్ సొసైటీ లైబ్రరీ నుంచి తీసుకెళ్లిన న్యాయశాస్త్ర గ్రంథం తిరిగి రాలేదు. ఆయన ఇంటిని మ్యూజియంగా నడుపుతున్న సంస్థ 2010 మేలో అదే ముద్రణకు చెందిన మరో ప్రతిని తెచ్చి అప్పగించింది. 221 ఏళ్ల ఆలస్య రుసుము లెక్కిస్తే సుమారు మూడు లక్షల డాలర్లు. గ్రంథాలయం ఒక్క డాలరూ అడగలేదు. దేశాధ్యక్షుడికి దక్కిన మన్నింపు మూడో తరగతి పిల్లకూ దక్కాలి.

అడవిలో గ్రంథాలయం నడవదనేవాళ్లకు కేరళ ఇడుక్కి జిల్లాలోని ఇడమలక్కుడి జవాబు. ముత్తువన్ ఆదివాసుల ఊళ్లున్న దట్టమైన అడవి అది. అక్కడ పి.వి. చిన్నతంబి అనే పెద్దాయన తన చిన్న టీకొట్టులో, గోనెసంచుల్లో దాచిన 160 పుస్తకాలతో గ్రంథాలయం నడిపాడు. జర్నలిస్టు పి. సాయినాథ్ 2014లో రాయడంతో అది లోకానికి తెలిసింది. సభ్యత్వం 25 రూపాయలు, నెలకు రెండు రూపాయలు. ఎవరు ఏం తీసుకెళ్లారో, ఎప్పుడు తెచ్చారో ఆయన రిజిస్టర్లో శ్రద్ధగా రాసుకున్నాడు. ఏనుగులు తిరిగే దారిలో నడిచి వచ్చి జనం పుస్తకాలు తీసుకెళ్లారు, తెచ్చి ఇచ్చారు. కాపలా లేదు, పూచీకత్తు లేదు. నమ్మకం చాలింది.

మన నేలకూ ఇలాంటి వారసత్వం ఉంది. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే సర్కారు ఆంక్షలు అడ్డం పడుతున్న రోజుల్లోనే 1925లో ఇదే ఖమ్మం ప్రాంతంలోని మధిరలో ఆంధ్ర గ్రంథాలయ సభ జరిగింది. గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం 1935లో కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. ప్రయాణం సాగినంతసేపూ జనం చదువుకున్నారు. 1960 గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాల పేరుతో వసూలవుతున్నాయి. గోదావరి ఒడ్డున రేకుల ఇంటికి పన్ను కట్టే కుటుంబానికీ అందులో వాటా ఉంది. వాళ్ల పిల్ల గ్రంథాలయం పుస్తకం అడిగితే, తన సొంత సొమ్మునే అడుగుతున్నట్టు.

భాష సంగతి విడిగా చెప్పుకోవాలి. ఈ ప్రాంతంలో ఎంతోమంది పిల్లల ఇంటి భాష కోయ. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గుత్తికోయల పిల్లలకు తెలుగు బడిలోనే ఎదురవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతాన కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో, ప్రాథమిక తరగతుల వాచకాలు మొదలయ్యాయి. మంచి ప్రయత్నమే. వాచకంతో పాఠం వస్తుంది గానీ పిల్లల ఊహకు అది చాలదు. తెలుగు పుస్తకం కోయ ఇంటికి వెళ్లినప్పుడు బొమ్మలు చూసి అవ్వ తన కథేదో కోయలో చెబుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ పుస్తకం వెంట రెండో కథ కూడా వస్తుంది. దాన్ని అడిగి రాసుకునేవాళ్లు లేకపోతే అది సంచిలోనే ఉండిపోతుంది. ఈ అడవి అంచున గ్రంథాలయానికి దక్కగల అతి పెద్ద సంపద ఇదే.

గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా 1930లలోనే దీనికి దారి చూపారు. తెలుగులో ‘పగటి కల’గా వచ్చిన ఆయన పుస్తకంలో ఒక ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకాలకు పోయే డబ్బుతో కథల పుస్తకాలు తెప్పించి తరగతిలోనే గ్రంథాలయం పెడతాడు. ఇటలీ బాలసాహిత్యకారుడు జాన్ని రొడారి 1973లో ఇంకో ఉపాయం చెప్పాడు. ‘ఇలా జరిగితే ఏమవుతుంది?’ అని ఒక్క వింత ప్రశ్న వేయండి, కథ పిల్లలే అల్లుకుంటారు అన్నాడు. పుస్తకం తిరిగిచ్చే రోజుకు ఇంతకంటే సరిపడే ప్రశ్న లేదు. పుస్తకాలన్నీ రాత్రి మాట్లాడుకుంటే? చిరిగిన పేజీలో ఉన్న కుందేలు ఎటు పోయింది? నీకంటే ముందు ఈ పుస్తకం ఎవరింట్లో పడుకుంది? ఆ చివరి ప్రశ్నకు జవాబు రిజిస్టర్లోనే ఉంటుంది. తన పేరుకు పైన స్నేహితురాలి పేరు చూసుకున్న పిల్లకు, ఆ పుస్తకం ఊళ్లో నలుగురినీ కలిపే పని చేస్తోందని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఇలాంటి ఊహలను కాగితం మీద పెట్టగల సత్తా మన బడి పిల్లలకు ఉంది. తెలంగాణ పాత జిల్లాల బడి పిల్లలు రాసిన కథలను ‘బాల చెలిమి’ జిల్లాలవారీ సంకలనాలుగా అచ్చు వేసింది. ఆ పిల్లలకు ప్రత్యేకమైన వరం ఏదీ లేదు. రాయమని అడిగిన పెద్దలు దొరికారు.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వక్తృత్వ పోటీలు, బహుమతులు ఎలాగూ ఉంటాయి. ఈసారి ప్రతి బడిలో, ప్రతి శాఖా గ్రంథాలయంలో వంద పేజీల నోటుబుక్కు ఒకటి అదనంగా పెట్టండి. పుస్తకం తిరిగి తెచ్చిన పిల్లలను ఆలస్యమెందుకైందని అడగకండి. పుస్తకం మీ ఇంట్లో ఏం చేసిందో అడిగి, చెప్పింది చెప్పినట్టు, కోయలో చెబితే కోయలోనే, ఆ నోటుబుక్కులో రాయించండి. ఆ నోటుబుక్కుకూ ఒక నంబరు వేసి పిల్లలకు ఇంటికివ్వండి.